సత్తావీస్ అంటే 72: బడి కమిటీలో నా రెండేళ్లు

2023 జూలైలో, ముసురు పట్టిన ఒక పొద్దున, మా ఊరి జిల్లా పరిషత్ బడి వరండాలో తల్లిదండ్రుల సభ పెట్టారు. శాళా వ్యవస్థాపన్ సమితికి, మనం బడి కమిటీ అంటాం కదా దానికి, కొత్త సభ్యులను ఎన్నుకోవాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది ఆ బడి పిల్లల తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. పేర్లు రాస్తుంటే ఆడవాళ్లు తక్కువ పడ్డారు. "వదినా, నువ్వు పది పాసైనవ్ గదా, నువ్వు ఉండు" అని వరసకు మరిది అయ్యే అతను అన్నాడు, అందరూ సరే అన్నారు, చివరికి ఉపాధ్యక్షురాలి చోట కూడా నా పేరే రాశారు. మావాడు అప్పుడు నాలుగో తరగతి, చిన్నది అప్పుడే ఒకటో తరగతిలో చేరింది. కమిటీ పని ఏమిటో ఆ రోజు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, కమిటీల్లోకి కొత్తగా వచ్చే వాళ్లు, ముఖ్యంగా ఇంట్లో తెలుగు, బడిలో ఇంకో భాష ఉన్న ఊళ్ల వాళ్లు, నాలాగా మొదటి ఆరు నెలలు పోగొట్టుకోవద్దని.

మాది గడ్చిరోలి జిల్లా సిరోంచా తాలూకా, ప్రాణహిత ఒడ్డు. ఏటికి అవతల తెలంగాణ, ఇవతల మహారాష్ట్ర. నా పుట్టిల్లు అవతలి ఒడ్డున చెన్నూరు దగ్గర, తెలుగు మీడియంలో చదివాను, పెళ్లయి ఇటు వచ్చాను. మా జిల్లా కేంద్రం 200 కిలోమీటర్ల పైనే, ఆస్పత్రికైనా బజారుకైనా మాకు మంచిర్యాలే దగ్గర. ఇళ్లలో తెలుగు, కొన్ని వాడల్లో గోండి, మాడియా. బడి మాత్రం మరాఠీ. హిందీ చదువుకున్నాను కాబట్టి మరాఠీ అక్షరాలు కూడబలుక్కుని చదవగలను, అప్పట్లో అర్థం మాత్రం సగమే తెలిసేది.

మొదటి ఆరు నెలలు మీటింగులు ఎలా జరిగాయో చెప్తాను. నెలకొకసారి పిలుస్తారు. ఖిచిడీ సరుకు వచ్చిందా, వంట చేసే బచత్ గట్ (పొదుపు సంఘం) ఆడవాళ్లకు డబ్బులు పడ్డాయా, బోరు పనిచేస్తుందా, పంద్రాగస్టుకు ముగ్గు ఎవరు వేస్తారు. ముఖ్యాధ్యాపక్ సార్ ఇతివృత్తం, అంటే మీటింగులో ఏం జరిగిందో రాసే రిజిస్టరు, ముందుకు జరిపితే అందరం సంతకాలు పెట్టి టీ తాగి వచ్చేవాళ్లం. ఆ పనులన్నీ అవసరమైనవే. ఖిచిడీ సరిగా ఉడక్కపోతే పిల్లలు బాధపడతారు, మరుగుదొడ్డి తలుపు ఊడిపోతే ఐదో తరగతి ఆడపిల్లలు ఇంటికి పరుగెత్తుతారు. కానీ ఆరు మీటింగుల్లో ఒక్కసారి కూడా "పిల్లలకు చదువు వస్తుందా" అనే మాట ఎవరి నోటి నుంచీ రాలేదు. నా నోటి నుంచి కూడా.

డిసెంబరులో ఒక సాయంత్రం మావాడు మరాఠీ కార్డు ఒకటి చదువుతున్నాడు. గడగడా చదువుతున్నాడు, ఎక్కడా ఆగడం లేదు, పక్కన కూర్చున్న మా అత్తమ్మ మురిసిపోతోంది. "భింతీవర్ పాల్ ఆహే" అని చదివాడు. మరాఠీలో పాల్ అంటే బల్లి, నాకు ఆ మాట మా ఎదురింటి మరాఠీ ఆమె దగ్గర వినబట్టి తెలుసు. "అంటే ఏంది బిడ్డా?" అని అడిగాను. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "గోడ మీద పాలు" అన్నాడు. "గోడ మీద పాలెందుకుంటయి రా?" అంటే, "ఏమో, పుస్తకంల గట్లనే ఉంది" అన్నాడు. ఆ జవాబే నన్ను నిద్రపోనివ్వలేదు. అర్థం లేకపోయినా ఫరవాలేదు, పుస్తకంలో అలాగే ఉంటుంది అని తొమ్మిదేళ్ల పిల్లవాడు నమ్మేశాడు. వాడి ప్రగతిపుస్తకం తీసి చూశాను. మరాఠీకి ఎదురుగా బ-1 అని గ్రేడు ఉంది, మంచి గ్రేడే అది. ఆ గ్రేడు ఇచ్చిన సార్ అబద్ధం రాయలేదు, పిల్లవాడు నిజంగానే చదువుతున్నాడు. అర్థం అడిగిన వాళ్లే లేరు.

తర్వాతి మీటింగులో అడిగేశాను. "సార్, మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో ఎంతమందికి చదివింది అర్థమవుతుంది?" అని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ముఖ్యాధ్యాపక్ సార్ మంచాయనే, కానీ ఆయనకు అది తన మీద వేసిన నిందలా వినిపించింది. "పాఠాలు ఏం చెప్పాలో పుణెలో ఎస్.సి.ఈ.ఆర్.టి. వాళ్లు, అంటే రాష్ట్రానికి సిలబస్ చూసే సంస్థ వాళ్లు, చూసుకుంటారు వహినీ (వదినా), పుస్తకాలు బాలభారతి వాళ్లు వేస్తారు, కమిటీకి అందులో పని లేదు" అన్నారు. బయటికి వచ్చాక మా వాళ్లే ఇద్దరు "సార్‌తోని గట్ల మాట్లాడుతరా, రేపు మన పిల్లల మీద కోపం పెట్టుకుంటే?" అని నన్ను మందలించారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. చాలా ఊళ్లలో కమిటీలు నోరు తెరవకపోవడానికి మొదటి కారణం అదేనని నా నమ్మకం.

ఆ నెల చివర్లో కేంద్రప్రముఖ్ సార్ బడి చూడటానికి వచ్చారు. పది పన్నెండు బళ్లను కలిపి చూసే అధికారి. ఆయన దగ్గరికి వెళ్లి, సిలబస్‌తో మాకు పని లేదంటున్నారు నిజమేనా అని అడిగాను. ఆయన ఓపికగా కూర్చుని చెప్పారు. నాకు అర్థమైనంత వరకు విషయం ఇది. ఏ తరగతికి ఏ పాఠాలు, పరీక్ష ఎలా ఉండాలి అనేది చట్టంలోని 29వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర స్థాయి సంస్థే నిర్ణయిస్తుంది, దాన్ని మేం మార్చలేం. కానీ 21వ సెక్షన్ ప్రకారం బడి పనితీరును గమనించడం, వికాస్ ఆరాఖడా అంటే బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చవుతోందో చూడటం కమిటీ పనే. ఇక 24వ సెక్షన్ మాస్టర్ల పని చెప్తుంది: వేళకు రావాలి, సిలబస్ మొత్తాన్ని అనుకున్న గడువులోపు పూర్తిచేయాలి, ఒక్కో పిల్లవాడు ఎంత నేర్చుకోగలుగుతున్నాడో చూసుకుని వెనకబడిన వాళ్లకు అదనంగా చెప్పాలి, తల్లిదండ్రులతో మాట్లాడుతూ ఉండాలి. ఇవి జరుగుతున్నాయా అని అడిగే హక్కు మాకు ఉంది. ఏడాదికి ప్రైమరీ బడి కనీసం 200 రోజులు, 800 గంటలు నడవాలని కూడా ఆయనే చెప్పారు. 29వ సెక్షన్‌లోనే ఇంకో మాట ఉంది, వీలైనంత వరకు పిల్లల అమ్మభాషలో చెప్పాలని. ఆ మాట విన్నప్పుడు మావాడి పాలు, బల్లి గుర్తొచ్చాయి.

పోయేముందు ఆయన ఇచ్చిన సలహా అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. "మీటింగులో మార్కులు అడగకండి వహినీ, మార్కులు అడిగితే మార్కులే చూపిస్తారు. ముందు తరగతిలో ఒక గంట కూర్చోండి" అన్నారు.

కూర్చున్నాను. రెండో తరగతిలో, వెనక గోడకు ఆనుకుని, చాప మీద. సాతారా వైపు నుంచి వచ్చిన చిన్న వయసు గురూజీ లెక్కలు చెప్తున్నాడు, కష్టపడే మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. అంకెలు డిక్టేషన్ చెప్పాడు. "సత్తావీస్" అన్నాడు. నా ముందున్న పిల్ల పలక మీద ముందు ఏడు వేసింది, తర్వాత రెండు వేసింది. 72. పక్కవాడిదీ అదే. నాకు కనపడిన పలకల్లో సగానికి పైగా 72 ఉంది. గురూజీ "అరే, సత్తావీస్!" అని గట్టిగా అన్నాడు, పిల్లలు చెరిపేసి, భయంతో మళ్లీ 72 వేశారు. సత్తావీస్ అంటే ఇరవై ఏడు. మనం ఇరవై ముందు చెప్పి ఏడు తర్వాత చెప్తాం, రాసేది కూడా ఆ వరసలోనే. మరాఠీలో ఏడు ముందు వినిపిస్తుంది, ఇరవై తర్వాత వస్తుంది. మా పిల్లలు విన్నది విన్నట్టు రాస్తున్నారు. ఇంకో కష్టం ఏకోణతీస్. అది ఇరవై తొమ్మిది, అంటే ముప్ఫైకి ఒకటి తక్కువ అని. పిల్లలకు అందులో ఏక్, తీస్ వినిపించి 31 వేస్తున్నారు. మరాఠీ ఇంటి పిల్లలు ఇవి ఉయ్యాలలో నుంచే వింటారు. మా పిల్లలకు అది మొదటి రోజు నుంచీ గోడే.

బడి విడిచాక గురూజీకి వచ్చిన మరాఠీలోనే చెప్పాను, పిల్లలకు లెక్క రాకపోవడం కాదు, పేరు వల్ల వచ్చిన తికమక అని. ఆయన ఆశ్చర్యపోయాడు. మూడేళ్ల నుంచి ఈ పిల్లలకు స్థానవిలువ రాదని అనుకుంటున్నాడు పాపం. ఆయనే నాకు ఒక సంగతి చెప్పాడు. 2019లో బాలభారతి రెండో తరగతి లెక్కల పుస్తకంలో 'వీస్ ఏక్, వీస్ దోన్' అని పదులు ముందు, ఒకట్లు తర్వాత చదివే పద్ధతి కూడా పెట్టారు, దాని మీద రాష్ట్రమంతా పెద్ద గొడవ జరిగింది, మరాఠీని పాడుచేస్తున్నారని. వాళ్ల భాష గురించి వాళ్ల బాధ నేను కాదనను. కానీ మా ఊరి పిల్లలకు ఆ పద్ధతి దేవుడిచ్చినట్టే, 'వీస్ సాత్' అంటే అచ్చం మన ఇరవై ఏడే. మరుసటి వారం నుంచి గురూజీ మూడూ కలిపి చెప్పించడం మొదలుపెట్టాడు: ఇరవై ఏడు, వీస్ సాత్, సత్తావీస్. తెలుగు మాటలు నేను రాసిచ్చాను, మరాఠీ అక్షరాల్లో. ఆయన అవి చదివేటప్పుడు పిల్లలు నవ్వేవాళ్లు, ఆయన కూడా నవ్వేవాడు, ఆ తరగతిలో భయం సగం అక్కడే పోయింది.

దీనికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, పుణె దాకా పోవాల్సిన పని అసలే లేదు.

తర్వాత 2024 ఫిబ్రవరిలో కమిటీ తరఫున మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలందరితో చదివించి చూద్దామని తీర్మానం చేశాం. ముఖ్యాధ్యాపక్ సార్ మొదట ఒప్పుకోలేదు, ఆగస్టులో పాయాభూత్ చాచణీ (ఏడాది మొదట్లో పెట్టే పరీక్ష) పెట్టాం, ఏప్రిల్‌లో సంకలిత్ పరీక్ష (ఏడాది చివరి పరీక్ష) ఉంది, మధ్యలో ఇదెందుకు అన్నారు. ఆ పరీక్షలు రాతపరీక్షలు సార్, మేం చదివి వినిపించమంటాం అంతే అని బతిమాలాం. ఒక కాగితం మీద అక్షరాలు, మాటలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి చిన్న కథ. కథ దాకా చదివిన వాళ్లను దాని అర్థం తెలుగులోగానీ గోండిలోగానీ చెప్పమనాలి. ఈ చివరి ముక్క మేం కలిపింది. గోండి వినడానికి మా కమిటీలోని ఒక మాడియా అన్న కూర్చున్నాడు. మొత్తం 41 మంది. కథ చదివి అర్థం చెప్పగలిగినవాళ్లు 12 మంది. చదవగలరు గానీ అర్థం తెలియని వాళ్లు 15 మంది, మావాడు అందులోనే ఉన్నాడు. మిగతా 14 మంది అక్షరాల దగ్గరో మాటల దగ్గరో ఆగిపోయారు, అందులో నలుగురు ఐదో తరగతి. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లవాడూ చదివి అర్థం చేసుకోవాలి, 2026-27 కల్లా అది సాధించాలి అని కేంద్ర ప్రభుత్వ నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం, బడి గోడ మీద పెయింటు వేసి ఉంది. ఆ గోడ కిందే కూర్చుని మేం ఈ లెక్క వేసుకున్నాం.

ఇక్కడే ఒక తప్పు చేశాం. నేను చేశాను అని చెప్పడమే న్యాయం. ఆ మీటింగులో జాబితా చదువుతూ పిల్లల పేర్లు కూడా చదివేశాను. అక్షరాల దగ్గర ఆగిన ఒక ఐదో తరగతి పిల్లవాడి తండ్రి ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లిపోయాడు. రాత్రి ఆ పిల్లవాడికి దెబ్బలు పడ్డాయి, నాలుగు రోజులు బడికి రాలేదు. నేను వాళ్లింటికి వెళ్లాను. "నా కొడుకు ఇజ్జత్ తీసినవ్ చెల్లె" అన్నాడాయన. ఆయన దగ్గర తప్పు ఒప్పుకున్నాను, పిల్లవాడి దగ్గర కూడా ఒప్పుకున్నాను. ఆ రోజు నుంచి మీటింగులో సంఖ్యలే తప్ప పేర్లు చెప్పకూడదని తీర్మానం రాసుకున్నాం, పేర్లు గురూజీల దగ్గర, ఎవరి పిల్లలవి వాళ్ల తల్లిదండ్రులకు విడిగా. మీరు ఇలాంటిది చేసేటట్టయితే ముందు ఈ తీర్మానం రాసుకుని, తర్వాతే కాగితం చేతిలో పట్టుకోండి.

ఆ 14 మంది ఎందుకు ఆగిపోయారని కూర్చుని ఆలోచిస్తే మాకు తెలిసిన కారణాలే బయటికొచ్చాయి. ఒకటి మాస్టర్లు. మా బడిలో ఐదు తరగతులకు కలిపి 68 మంది పిల్లలు. చట్టం లెక్కలో 60 వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉండాలి. మాకు ఇద్దరే, అందులో ఒకరు నెలలో చాలా రోజులు ఆన్‌లైన్ సమాచారం నింపడంలో, పై ఆఫీసు మీటింగుల్లో. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు పనులు తప్ప మాస్టర్లకు చదువు బయటి పని చెప్పకూడదని 27వ సెక్షన్ అంటుంది, అది జరుగుతుందా లేదా చూడటం కూడా కమిటీ పనుల్లో ఉంది. మూడో పోస్టు కోసం తీర్మానం రాసి, నకలు మీద ముద్ర వేయించుకుని పంపాం. ఎన్నిసార్లు తిరిగామో లెక్క లేదు. పదకొండు నెలల తర్వాత పక్క ఊరి మాస్టరమ్మను వారానికి మూడు రోజులు పంపారు. పూర్తి పోస్టు ఇప్పటికీ రాలేదు.

రెండోది మిరప. జనవరి వస్తే మా వైపు నుంచి కూలీలు ఏరు దాటి భూపాలపల్లి, ములుగు వైపు మిరపకాయలు ఏరడానికి పోతారు. ట్రాలీ ఆటోలో బియ్యం, గిన్నెలు, దుప్పట్లు, పైన పిల్లలు. మార్చి దాకా అక్కడే తోట పక్కన గుడిసెలు. పిల్లలు ఇక్కడ రెండు నెలల పైన బడి పోగొట్టుకుంటారు. వలస పోయే పిల్లలకు శిక్షణ్ హమీ కార్డు ఇస్తారు, అది చూపిస్తే పోయిన చోట బడిలో చేర్చుకోవాలి. కానీ ఆలోచించండి, మా పిల్లలు చేరాల్సింది అక్కడి తెలుగు బడిలో. మాట వాళ్లదే, అక్షరం మాత్రం ఒక్కటీ తెలియదు. ఇక్కడ అక్షరం తెలిసి అర్థం తెలియదు, అక్కడ అర్థం తెలిసి అక్షరం తెలియదు. ఆ ముక్క రాస్తుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టుకుంటుంది.

చెరుకు కోతకు పోయే వాళ్ల పిల్లల కోసం మహారాష్ట్రలోనే మరాఠ్వాడా ప్రాంతంలో హంగామీ వసతిగృహాలు నడుస్తాయని, అంటే సీజన్ హాస్టళ్లు, సాతారా గురూజీ చెప్పాడు. మాకూ కావాలని అర్జీ పెట్టాం, మంజూరు కాలేదు. అయినా ఆగలేదు. 2024 దీపావళి తర్వాత మిరపకు పోయే ఇళ్లన్నీ కమిటీ ఆడవాళ్లం తిరిగాం. అవ్వ, తాత ఊళ్లో ఉండేవాళ్లయితే పిల్లల్ని వాళ్ల దగ్గర ఉంచి పొమ్మని, మధ్యాహ్నం బడి ఖిచిడీ ఉంది, రాత్రి కూర మేం చూసుకుంటాం అని. నేను అనుకున్నంత సులువు కాలేదు. "పెద్దది చిన్నపిల్లను పట్టుకుంటేనే గదా నేను ఏరేది, కిలోల లెక్క ఇస్తరు పైసలు" అని ఒకామె అన్నది. ఆమెకు నేనేం చెప్పగలను? బడి ముఖ్యం అని చెప్పడానికి నోరు రాలేదు. ముందటేడు 23 మంది పిల్లలు వెళ్లారు, ఆ ఏడు 14 మంది ఉండిపోయారు, 9 మంది వెళ్లారు.

ఈ మధ్యలో ఆరాఖడా పని. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే ప్రణాళిక తయారు కావాలి, అంటే డిసెంబరు లోపు. మూడేళ్లది, అందులో ఏడాదికొకటి చొప్పున ముక్కలు. పాత ఆరాఖడా తీసి చూస్తే కాంపౌండు గోడ, పెయింటు, కుర్చీలు, తరగతి వారీగా పిల్లల సంఖ్య, అంతే. చదువు అనే మాట ఎక్కడా లేదు. ముఖ్యాధ్యాపక్ సార్‌కు, మాకు ఈసారి బాగానే వాదన జరిగింది కానీ గొడవ కాలేదు, అప్పటికి ఆయనకు కూడా మేం తప్పులు పట్టడానికి రావడం లేదని తెలిసింది. మా బడి అంత బడికి ప్రభుత్వ సమగ్ర శిక్షా పథకం కింద ఏడాదికి 25,000 గ్రాంటు, లైబ్రరీకి విడిగా 5,000. ఆ 5,000తో ఎప్పుడూ పెద్ద పుస్తకాలు, బీరువాలో పెట్టి తాళం వేసేవి వచ్చేవి. ఈసారి పల్చటి బొమ్మల కథల పుస్తకాలే కొనాలని, అవి తాడు మీద బట్టలు ఆరేసినట్టు వేలాడదీయాలని, రోజూ భోజనం తర్వాత అరగంట చదివే గంట అని రాయించాం. ఒకటి, రెండు తరగతుల గోడ మీద బొమ్మ, కింద మరాఠీ మాట, దాని కింద మరాఠీ అక్షరాల్లోనే తెలుగు మాట, గోండి మాట. మొదటి బొమ్మ బల్లి వేయమని నేనే అడిగాను. ఊళ్లో బి.ఏ. చదివి ఇంట్లో ఉన్న అమ్మాయి రోజూ సాయంత్రం గంటసేపు చదవడంలో వెనకబడిన పిల్లలతో కూర్చోవడానికి ఒప్పుకుంది. ఆమెకు జీతం ఇవ్వడానికి గ్రాంటులో దారి లేదు. ఊరు చందా వేసుకుని నెలకు కొంత ఇచ్చాం, అది తక్కువే, ఆమె కష్టానికి సరిపోయేది కాదు.

మీటింగు పద్ధతి కూడా మారింది. మొదటి అంశం చదువు, ఆఖరి అంశం సరుకులు. ప్రతి నెలా మూడే ప్రశ్నలు: ఏ తరగతి ఏ పాఠం దగ్గర ఉంది, ఎంతమంది పిల్లలు పది రోజుల కంటే ఎక్కువ రాలేదు, కథ చదివి అర్థం చెప్పేవాళ్లు పోయిన నెలకంటే ఎంతమంది పెరిగారు. జవాబు రిజిస్టరులో ఎక్కిన తర్వాతే సంతకం. రిజిస్టరు రాసింది రాసినట్టు తెలుగులో చదివి చెప్పే పని నాది. తెలియని మరాఠీ మాటలు అడిగి అడిగి రాసుకుని, అలా నాకూ మరాఠీ వచ్చింది.

2025 ఏప్రిల్‌లో మళ్లీ అదే కాగితంతో చదివించాం. పాత ఐదో తరగతి వెళ్లిపోయింది, కొత్తగా మూడో తరగతి వచ్చింది కాబట్టి లెక్కకు లెక్క పెట్టలేం. అయినా చెప్తాను. 43 మందిలో కథ అర్థం చెప్పినవాళ్లు 24 మంది, చదువుతారు గానీ అర్థం రాని వాళ్లు 11, వెనకబడి ఉన్నవాళ్లు 8. ఆ 8 మందిలో ఐదుగురు మిరపకు పోయొచ్చిన పిల్లలు. 2023-24 నుంచి మా రాష్ట్రంలో ఐదో తరగతికి వార్షిక పరీక్ష పెట్టారు, ఫెయిలైతే మళ్లీ పరీక్ష, అదీ పోతే అదే తరగతిలో ఉండాల్సి రావచ్చు. ఆ భయంతో ఇద్దరు తండ్రులు తమంతట తామే వచ్చి మావాడిని కూడా సాయంత్రం కూర్చోబెట్టుకోండి అని అడిగారు. పేరు చదివినందుకు లేచి వెళ్లిపోయిన ఆయన చిన్నకొడుకు అప్పుడు మూడో తరగతి. ఏప్రిల్‌లో వాడు కథ చదివి అర్థం చెప్తుంటే ఆయన కిటికీ బయట నిలబడి విన్నాడు, లోపలికి రమ్మంటే రాలేదు.

మావాడు ఐదు పూర్తి చేసి అంకీసాలో ఆరో తరగతిలో చేరాడు. చిన్నది మూడో తరగతికి వచ్చింది, ఇరవై ఏడు అనగానే మూడు పేర్లూ ఒక్క ఊపిరిలో చెప్తుంది.

2025 జూలైలో కొత్త కమిటీ ఎన్నిక జరిగింది. చిన్నది ఇంకా ఆ బడిలోనే ఉంది కాబట్టి నేను మళ్లీ ఉన్నాను. ఈసారి అధ్యక్షుడు ఆ మాడియా అన్న. మొదటి మీటింగులో, పోయిన కమిటీలో రెండేళ్లు ఒక్క మాట మాట్లాడని ఒకామె, "సార్, ఆ చదివే కాయితం యాడుంది, ఈసారి దీపావళికి ముందుగాలనే చదివియ్యున్రి, మేం మిరపకు పోకముందు" అన్నది. ముఖ్యాధ్యాపక్ సార్ బీరువా తాళం తీసి కాగితం బయట పెట్టారు. హంగామీ వసతిగృహం అర్జీ మళ్లీ రాశాం, మూడో పోస్టు అర్జీ కూడా. మిరపకు పోయే ఇళ్లు ఈ ఏడు తొమ్మిది ఉన్నాయి, దసరా తర్వాత వాళ్ల దగ్గరికి వెళ్లాలి. ఆ కిలోల లెక్క చెప్పిన ఆమె ఇంటికి ముందు వెళ్లాలి, ఆమె చిన్నపిల్లను ఎవరు పట్టుకుంటారో తేల్చుకుని వెళ్లాలి.